రెండో గీత

మూత్రం బాగా నిండితేనే స్కానింగులో కనపడుద్దమ్మా, ఇంకో బాటిలు తాగి ఒక గంట కూర్చోండి అని కౌంటరు దగ్గరి అమ్మాయి చెప్పి పోయింది. జయరావుకు మిగిలింది ఆ గంటే. పక్క కుర్చీలో మహిమ గుక్క గుక్కకూ కళ్ళు మూసుకుంటూ, చర్చిలో ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసం తీసుకునేటప్పుడు ఎంత భక్తిగా తాగుతుందో అంత భక్తిగా ఆ నీళ్ళు తాగుతోంది. బాటిల్లో నీళ్ళు ఎంత తగ్గితే అతనికి అంత టైము తగ్గినట్టు. అప్పుడే సగానికొచ్చాయి. చెప్పాలి. ఆ తలుపు తెరిచి ఆమె పేరు పిలిచేలోగా చెప్పాలి. మహిమా, నీ కడుపులో ఏమీ లేదు, ఆ పరీక్షలో వచ్చిన రెండు గీతలు నీవి కావు, నావి అని. మగాడికి రెండు గీతలు రావడమేంటని నవ్వుతుందేమో. నవ్వినా బాగుండు. నవ్వకుండా అతని మొహంలోకి చూసి, ఏడేళ్ళ తర్వాత వచ్చిన ఈ మూడు వారాల సంతోషం ఎవరిదో అర్థం చేసుకుంటే మాత్రం ఏం చెయ్యాలో జయరావుకు తెలియదు.

ఎదురుగా గోడ మీద నీలం బోర్డు. ఇక్కడ కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పబడదు, అడగడం కూడా నేరం. పొద్దున అద్దంకిలో బస్సెక్కి చిలకలూరిపేట మీదుగా గుంటూరు వచ్చి ఇక్కడ కూర్చున్నప్పటి నుంచి ఆ బోర్డును యాభైసార్లు చదివి ఉంటాడు, చదివినప్పుడల్లా అది తనతోనే అంటున్నట్టు వెన్నులో చల్లగా పాకింది. చొక్కా కింద రొమ్ములు సలుపుతున్నాయి, రెండూ. చనుమొనల వెనక రేగుపండంత గట్టిదనం, చొక్కా ఒరుసుకుంటేనే ప్రాణం జివ్వుమంటోంది. అందుకే రెండు నెలలుగా లోపల బిగుతు బనీను, పైన వదులు చొక్కా. పన్నెండేళ్ళుగా మినీ లారీ మీద ఊళ్ళలోని కళ్ళాల నుంచి గుంటూరు యార్డుకు మిర్చి కుక్కిన టిక్కీ బస్తాలు తోలిన మనిషి, ఎండాకాలం యార్డంతా దగ్గుతుంటే ముక్కు కూడా చీదని మనిషి, ఇవాళ బస్సులో ఎవరో సీటు కింద పెట్టిన ఒక్క మిర్చి గోతం ఘాటుకు కిటికీలోంచి తల బయటపెట్టి కక్కుకున్నాడు. మహిమ వీపు నిమిరింది. "కడుపు నాది, వేవిళ్ళు నీయి," అని నవ్వింది. ముందు సీట్లో ముసలమ్మ కూడా వెనక్కి తిరిగి బోసినోటితో నవ్వింది. జనం ఉత్తినే ఎన్నో మాటలంటారు, అందులో ఒక్కటి నిజమని తెలిస్తే అన్నవాళ్ళే దడుచుకుంటారు.

మహిమ ఊళ్ళో ఆశా వర్కరు. ఎవరికి నెల తప్పినా మొగుడికన్నా ముందు ఆమెకే తెలుస్తుంది. భుజాన గుడ్డసంచి, అందులో ఐరన్ మాత్రలు, బాలింతల కార్డులు, గర్భం చూసే పట్టీలు. తెల్లారకముందే వాళ్ళింటికి పోయి, పొద్దుటి తొలి మూత్రం పట్టించి, పట్టీ మీద మూడు చుక్కలు వేసి, ఐదు నిమిషాలూ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చుంటుంది. ఒక గీత వస్తే లేనట్టు, రెండు వస్తే ఉన్నట్టు. ఊళ్ళో బడికి పోయే పిల్లల్లో సగం మంది ముందు ఆమె చేతిలో గీతలుగా పుట్టినవాళ్ళే. తనకు మాత్రం ఏడేళ్ళలో ఎన్ని పట్టీలు చూసుకున్నా అన్నీ ఒంటి గీతలే. నెలసరి ఆమెకు ఎప్పుడూ తిన్నగా రాదు, రెండు నెలలకోసారి, మూడు నెలలకోసారి. రాని ప్రతిసారీ ఆశ, ఆశ పుట్టిన ప్రతిసారీ ఒక పట్టీ. మూడు వారాల కిందట కూడా అంతే. తెల్లవారుజామున ప్లాస్టిక్ కప్పులో పట్టి బాత్రూం గూట్లో పెట్టింది, ఈలోగా వెనక వీధిలో ఎవరికో నొప్పులని కేకేస్తే పట్టీ సంగతి వదిలేసి పరిగెత్తింది. పళ్ళు తోముకుంటూ వెళ్ళిన జయరావు మోచెయ్యి తగిలి ఆ కప్పు బోర్లాపడింది. అడుగున నాలుగు చుక్కలు మిగిలాయి. తొలి మూత్రమే కావాలి, మళ్ళీ రేపటిదాకా ఆగాలి, ఆ ఒక్క రాత్రి ఆమె నిద్రపోదు, పక్కన పడుకున్నవాణ్ణీ పోనివ్వదు. ఎలాగూ వచ్చేది ఒంటి గీతే కదా, ఎవరిదైతే ఏం? తనే ఆ కప్పు నింపి, గూట్లో పెట్టి, నేల కడిగి, ఏమీ ఎరగనట్టు అరుగు మీదికొచ్చి కూర్చున్నాడు. ఇంతకన్నా తెలివితక్కువ పని ఆ ఇంట్లో ఎవరూ చేసి ఉండరు. జాలిపడి చేశాడు, అదే కొంప ముంచింది.

తర్వాత ఆమె తిరిగొచ్చింది, బాత్రూం తలుపు మూసుకుంది. "ఏవయ్యో, ఇటు రా," అన్న గొంతు ఆమెది కానే కాదు. వెళ్ళి చూస్తే తడి గడప మీద మోకాళ్ళేసుకుని ఉంది. అరచేతిలో పట్టీ, పట్టీ మీద రెండు గీతలు, రెండోది మొదటిదాని కన్నా ముదురుగా. "ఇంత ముదురుగా ఊళ్ళో ఎవురికీ రాలేదు తెలుసా, ఎవురికీ రాలా," అంటూ అతని కాళ్ళు చుట్టేసుకుని ఏడ్చింది. అప్పుడు చెప్పి ఉంటే సరిపోయేది. తేలు కుట్టిన దొంగ కేకేస్తాడా? పైగా అడుగున మిగిలిన నాలుగు చుక్కలు ఆమెవే కదా, అవి చేసిన పనేమో అనుకున్నాడు. ఆ నాలుగు చుక్కలు పట్టుకుని నాలుగు రోజులు బతికాడు. ఐదో రోజు ఆమె సంచిలోంచి ఒక పట్టీ కాజేసి, సంతమాగులూరు దాటాక లారీ రోడ్డు పక్కన ఆపి, పత్తి తీసి వదిలేసిన చేలో దిగాడు. ఎండిన మోళ్ళు, గాలికి గలగలమనే కాయ డొల్లలు, మనిషన్నవాడి జాడ లేదు. నీళ్ళ సీసా మూతలో పట్టి, ఆమె వేసినట్టే మూడు చుక్కలు వేశాడు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ముందు ఒక గీత ఊరింది, దాని పక్కన, ఎవరో అవతలి నుంచి వేలితో గీసినట్టు, రెండోది. పట్టపగలు ఒంటిగంట ఎండలో జయరావు ఒళ్ళు గగుర్పొడిచింది. వెనక ఎవరైనా నిలబడి ఉన్నారేమోనని గిరుక్కున తిరిగి చూశాడు. ఎవరూ లేరు. ఉన్నవాళ్ళెవరో బయట లేరు.

నిజానికి అంతకుముందే తెలుసు. మిరప కోతలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున స్నానం చేస్తుంటే ఎడమ బీజంలో గట్టిగా ఏదో వేలికి తగిలింది. గోళీకాయంత. నొక్కితే నొప్పి లేదు. నొప్పి లేనిదాన్ని మగాడు పట్టించుకోడు, అందులోనూ అక్కడిదాన్ని. కోతలు సగమయ్యేసరికి అది ఉసిరికాయంత అయింది, ఆ పక్కన కొత్త బరువు, స్టీరింగు ముందు కూర్చుంటే మోకాళ్ళ మధ్య ఎవరో ఉన్నట్టు. ఆ తర్వాత రొమ్ములు. ఆ తర్వాత ఉత్తపుణ్యానికి గుండె దడదడలాడటం, టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణకడం, తిండి తింటున్నా బెల్టుకు కొత్త చిల్లులు పొడవాల్సి రావడం, పొద్దున్నే వాంతులు, రాత్రిళ్ళు పక్కనున్న మనిషి మీద చెయ్యి కూడా వెయ్యబుద్ధి కాకపోవడం. వెనక్కి తిరిగి రోజులు చూసుకుంటే అన్నీ తిన్నగా ఆ శుక్రవారం దగ్గరికే పోయి ఆగుతున్నాయి. అక్కడికి పోవద్దనుకున్న కొద్దీ మనసు అక్కడికే పోతోంది.

మిరప కోతలకు ముందు ఆ శుక్రవారం చర్చిలో ఉపవాస ప్రార్థన. పిల్లల్లేనివాళ్ళు ముందుకొచ్చి మోకరించండి అన్నారు పాస్టర్ సాల్మన్ గారు. మహిమ ఆ రోజు ఎవరి కాన్పుకో ఆసుపత్రిలో ఉండిపోయింది. రానివాళ్ళ తరఫున ఇంట్లోవాళ్ళు మోకరించడం అక్కడ మామూలే, జ్వరంతో పడుకున్న పిల్ల బదులు తల్లి, కేసులో లోపలున్న కొడుకు బదులు తండ్రి. "నీ భార్య బదులు నువ్వు మోకరించు జయరావూ, దేవుడికి అందరూ ఒకటే," అన్నారాయన. నలుగురు ఆడవాళ్ళ మధ్య ఒక్కడే మగాడు, సిగ్గుతో తల వంచి. నెత్తిన నూనె రాసి, చెయ్యి బరువుగా మోపి, ప్రభువా ఈ గర్భాన్ని తెరువు, ఇందులో విత్తనం వెయ్యి అని ఆయన గొంతు చించుకుంటుంటే, వెనక ఆమెన్ ఆమెన్ అని అరుపులు, నూనె చెవి వెనగ్గా జారి వెచ్చగా చొక్కాలోకి దిగింది. బదులు అన్న మాట పాస్టరు గారు జయరావుతో అన్నారు గానీ పైవాడితో అనలేదు. ఈ గర్భం అన్నారు. ఈ అంటే ఏది? చెయ్యి ఎవరి మీద ఉంటే వాళ్ళదే. యార్డులో టిక్కీ మీద ఎవరి మార్కు పడితే సరుకు వాళ్ళదే, తర్వాత గుండెలు బాదుకున్నా ఆ మార్కు చెరగదు. ఛీ, ఇంటర్ దాకా చదివినవాడివి, ఏం ఆలోచనలు ఇవి అని తన్ను తానే తిట్టుకున్నాడు. తిట్టుకుంటూనే, చేలో పట్టీ చూసుకున్న రోజు సాయంత్రం కోటప్పకొండ రోడ్డులో గుంత వస్తే బ్రేకు మీద కాలేసి, "నిదానంగా పోదాంలే," అన్నాడు. లారీలో ఇంకెవరూ లేరు. అన్న తర్వాత తెలిసింది ఎవరితో అన్నాడో. అప్పటి నుంచి గుంతలు తప్పించి తోలుతున్నాడు. సిగ్గుకీ భయానికీ అడుగున, ఎవరికీ చెప్పుకోలేని చోట, ఆవగింజంత గర్వం. ఏడేళ్ళుగా ఊరంతా మహిమను అడిగింది, లోపం నీదా అని. ఇప్పుడు ఎవరూ అడగకుండానే తనలో ఏదో పెరుగుతోంది, మెల్లగా, మూగగా, తన తిండి తింటూ. దానికి కళ్ళుంటాయా? అనుకోకూడదనుకున్నాడు గానీ అప్పటికే అనుకున్నాడు.

ఇంట్లో తల్లి ఎలీసమ్మ నోట్లో నువ్వుగింజ నానదు, రెండు గీతల కబురు మధ్యాహ్నానికల్లా ఊరు దాటింది. జయరావు వాంతి చేసుకున్నప్పుడల్లా ఆమెకు పండగే. "ఒరేయ్ జయా, నువ్వు కడుపులో ఉన్నప్పుడు మీ నాయనా ఇట్టాగే కక్కుకునేవోడురా, పెళ్ళామంటే పేణమున్న మగోళ్ళకి అట్టాగే ఉంటది," అని మజ్జిగ కలిపిచ్చేది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఆడపిల్లయితే ఆరాధన అని ముందే తేల్చేసింది. ఆదివారం చర్చిలో మహిమ మైకు ముందు నిలబడి, దేవుడు తన కడుపు పండించాడని సాక్ష్యం చెప్పింది. దేవునికే మహిమ అని అందరూ ఒక్కసారి అరిచేసరికి, తన్ను పిలిచినట్టే తల వంచుకుని సిగ్గుపడింది. ఆ మొహం చూశాక చెప్పే దారి ఇంకా మూసుకుపోయింది. ఒకే ఒక్కసారి, ఇంకో పట్టీ చూసుకోరాదా అని నసిగాడు. "దేవుడు ఒకసారి చెప్పిందాన్ని మళ్ళీ అడిగితే నమ్మకం లేనట్టే గదయ్యా," అంది, ఊళ్ళో వందమందికి పరీక్షలు చేసే మనిషి. నెలసరి కూడా ఆమె పక్షమే పట్టి రావడం మానేసింది. మింగలేడు, కక్కలేడు. మొదటి స్కానింగ్ గుంటూరులో మంచి డాక్టరమ్మ దగ్గరే చేయించుకోవాలని ఆమే పట్టుపట్టింది. ఊళ్ళో ఎందరో పిల్లల్ని ఇలా కుర్చీల్లో కూర్చోబెట్టి నీళ్ళు తాగించిన మనిషి, మొదటిసారి తన కోసం తాగుతోంది.

ఖాళీ బాటిలు కుర్చీ కింద పెట్టి మహిమ కాళ్ళు దగ్గరికి ముడుచుకుంది. "పట్టిందయ్యా, ఇంకాగలేను," అంది నవ్వుతూ. అప్పుడే తలుపు తెరుచుకుంది. మహిమ, వైఫ్ ఆఫ్ జయరావు. ఆమె లేవబోతుంటే అతను చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ కప్పు ఒలికిపోయింది."

"ఏ కప్పు?"

"ఆ రోజు నువ్వు పట్టి పెట్టింది. నా చెయ్యి తగిలి ఒలికింది, అడుగున నాలుగు చుక్కలే మిగిలినయ్. నువ్వు ఏడుస్తావని నేనే నింపా. తర్వాత చేలో ఒక్కణ్ణే ఇంకోసారి చూసుకున్నా మహిమా. మళ్ళీ రెండే వచ్చినయ్."

ఆమె నవ్వలేదు. ఆమె కళ్ళు అతని మొహం మీది నుంచి వదులు చొక్కా మీదికి దిగాయి, అక్కడి నుంచి బెల్టు కొత్త చిల్లుల మీదికి, వణికే వేళ్ళ మీదికి. ఆ చూపు జయరావు ఎరుగు. అది పెళ్ళాం చూపు కాదు, ఎవరింట్లోనో బాలింత మంచం పక్కన నిలబడి జ్వరం ఎంతుందో చేత్తో అంచనా వేసే మనిషి చూపు. "ఎన్నాళ్ళ నుంచి? ఇంకేం ఉంది ఒంట్లో?" అంది. గడ్డ సంగతి చెప్పాడు, ఎక్కడో కూడా చెప్పాడు. రెండోసారి పిలిచారు. "నువ్వు ఇక్కడే కూర్చో," అని, పొత్తికడుపు కింద రెండు చేతులూ ఆనించుకుని, నిండుకుండతో నడిచే మనిషిలా నిదానంగా లోపలికి పోయింది.

తలుపు మూసుకుంది. జయరావుకు పక్కన కూర్చున్న గర్భిణులందరూ తనవైపే చూస్తున్నట్టు, వరుసలో తనూ ఒకడైనట్టు అనిపించింది. లోపల డాక్టరమ్మ గొంతు, తర్వాత మహిమ గొంతు. ఇప్పుడు చూస్తుంటారు. ఏమీ లేని చోట చూస్తుంటారు. మహిమ ఆ తెర వైపు తల తిప్పి ఉంటుంది, తను చెప్పింది నమ్మి ఉండదు, ఏమో, ఈయన మాట ఎంతవరకు నిజమో, ఒకవేళ ఆ గీతలు తన నాలుగు చుక్కలవేనేమో అని. అవే కావాలని అతనూ కోరుకున్నాడు. తను ఏమైపోయినా సరే, ఆమెకు మాత్రం అక్కడ ఒక చుక్క కనపడాలని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఎవరి బదులూ కాకుండా తనే దేవుణ్ణి అడిగాడు.

తలుపు తెరుచుకుంది. "జయరావు గారూ, మీరూ రండి."

గది చీకటిగా ఉంది, తెర ఒక్కటే వెలుగుతోంది. దాని మీద మహిమ లోపలి బొమ్మ ఆగిపోయి ఉంది. నిండిన మూత్రాశయం నల్లటి నీటి సంచిలా, దాని కింద ఏమీ లేని గర్భసంచి, బోసిపోయిన బూడిదరంగు. మహిమ మంచం పక్కన నిలబడి పొత్తికడుపు మీది జెల్లీ తుడుచుకుంటోంది, తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తోంది. డాక్టర్ నస్రత్ నడివయసు మనిషి, కళ్ళజోడు పైనుంచి చూసింది. "మీ ఆవిడ అంతా చెప్పింది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, పడుకోండి," అంది. ఆమె పడుకున్న చోటే, ఆ వెచ్చదనం మీదే పడుకున్నాడు. చల్లటి జెల్లీ, మొండి యంత్రం. తెర మీద మొదట నున్నటి బూడిదరంగు కనపడింది, ఇది కుడి బీజమండీ, బాగుంది అంది డాక్టరమ్మ. యంత్రం ఎడమకు జరిగింది. ఆ నున్నదనం మధ్యలో ఇంకో ముద్ద కూర్చుని ఉంది, నల్ల గళ్ళతో, అంచులు వంకర టింకరగా, ముడుచుకుని. జయరావు అది కదులుతుందేమోనని చూశాడు.

"ఇది గడ్డండీ. నూటికో కోటికో ఒకరికి వస్తుంది. కొన్ని గడ్డలు ఊరికే పెరగవు, హార్మోన్లు కూడా వదులుతాయి," అంది డాక్టరమ్మ. మహిమ వైపు తిరిగి, "కాన్పయ్యాక మాయ పడుద్ది చూడమ్మా, ఆ మాయ వదిలే హార్మోనునే ఇదీ వదులుతోందని నా అనుమానం. రక్తపరీక్షలో తేలుద్ది. ఆ పట్టీకి ఆడా మగా తెలియదు, ఆ హార్మోనే తెలుసు. రొమ్ములు, వాంతులు, గుండెదడ, అన్నీ దాని పుణ్యమే."

"మాయా," అంది మహిమ నెమ్మదిగా. ఎన్ని కాన్పుల్లో బిడ్డ వెనక మాయ పూర్తిగా పడిందా లేదా అని కళ్ళు చికిలించి చూసిందో. "అంటే బిడ్డ లేకుండా మాయ ఒక్కటే పుట్టిందాండీ?"

"అట్లాగే అనుకో అమ్మా. రక్తం ఎంత పోతోందో చూస్తాను."

ఏదో మీట నొక్కింది. ముద్ద మీద ఎర్ర చుక్కలు, నీలం చుక్కలు పూసుకొచ్చాయి. యంత్రంలోంచి చప్పుడు మొదలైంది, తప్ తప్ తప్ అని, తొందర తొందరగా, ఆగకుండా, గదంతా నిండేటట్టు. దాచేదేముంది, జయరావుకు సంతోషమేసింది. భయం కాదు, సంతోషమే, కళ్ళలో నీళ్ళు తిరిగేంత. తల తిప్పి చూస్తే మహిమ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తెరనే చూస్తోంది. ఆ వెలుగులో ఆమె మొహం ఈ గదిలో ఎంతమంది తల్లులకు ఉంటుందో సరిగ్గా అలాగే ఉంది.

"గుండేనాండీ?" అంది.

"ఆయన గుండేనమ్మా. ఆయన రక్తమే ఆ చప్పుడు. దాన్ని అది తాగి పెరుగుతోంది. తొందరగా తీసేస్తే మనిషి దక్కుతాడు, అవసరమైతే మందులెక్కిస్తారు. ఆలస్యం చేస్తే ఊపిరితిత్తుల్లోకి పాకుద్ది. రెండోది బాగుంది, పిల్లల సంగతి తర్వాత చూద్దాం, ముందు మనిషి."

ఆపమని మహిమ అనలేదు. కాసేపు ఆ చప్పుడు విన్నది. జయరావుకు తెలియకుండానే అతని చెయ్యి కిందికి పోయి, యంత్రాన్ని నెట్టేసి, ఆ గడ్డను అరచేత్తో కప్పుకుంది. చప్పుడు ఆగిపోయింది. అప్పుడు మహిమ వంగి, ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుంది. అతను బిగించాడు. ఆమె ఇంకా గట్టిగా పట్టి ఒక్కొక్క వేలూ విడదీసి, చెయ్యి తీసి తన గుండెలకు హత్తుకుంది.

"తీసేయండి డాక్టరు గారూ," అంది. "నాకు ఈ మనిషి కావాలి."